మేడ మీది కొత్తవాళ్లు

సార్,

మీరు పోయాక ఇవే మొదటి బోనాలు. నాచారంలో మన గల్లీ అంతా వేపమండలు కట్టారు. కింది పోర్షన్‌లో ఇప్పటికీ మేమే ఉన్నాం. మీ మేడ మీది గదిలో మాత్రం ఒడిశా నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చిన కుర్రాళ్లు దిగారు. వాళ్ల భాష నాకు రాదు. మెట్ల మీద వాళ్లు నవ్వుకుంటే నా గురించేనేమో అనిపిస్తుంది.

మీరు కాలేజీలో ఫిలాసఫీ చెప్పి వచ్చి అవే మెట్ల మీద కూర్చునేవారు. "ఇల్లు తనదేనని నమ్మకం లేనోడే కొత్తోన్ని జూసి భయపడ్తడు" అనేవారు. జనగామ నుంచి వచ్చిన నన్ను గల్లీ అంతా అనుమానంగా చూసిన రోజుల్లో ఆ మాట నాకెంతో నచ్చేది.

ఆదివారం పొద్దున మా బకెట్ కనిపించలేదు. చూస్తే అది వాళ్ల చేతిలో ఉంది. గేటు దగ్గర నిలబడి ఎవరికోసమో చూస్తున్నారు. కాలనీ పెద్దలకు చెబుదామని ఫోన్ తీశాను. అంతలో డప్పులు మోగాయి. కుర్రాళ్లు చెప్పులు విడిచి, బోనమెత్తుకున్న ఆడవాళ్ల కాళ్ల మీద పసుపునీళ్లు పోశారు.

"వీళ్లకెవరు జెప్పిన్రు?" అని మా ఆవిడను అడిగాను.

"నేనే జెప్పి బకెట్ ఇచ్చిన. మనం కొత్తల వచ్చినప్పుడు గిదే బకెట్ ఇచ్చి సారు మనల్ని గేటుకాడ నిలబెట్టలేదా?" అంది.

సాయంత్రానికి బకెట్ దాని చోట ఉంది. అయినా నేను తలుపు గడియ మళ్లీ లాగి చూశాను. అప్పుడు మీ మాట గుర్తొచ్చి, మీ మీదే కోపమొచ్చింది సార్.