తాడుకి ఇవతల

చిట్టితల్లికి మీ నాన్న దీవిస్తూ, ఎవరి చేతా రాయించకుండా సొంతంగా రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మీ అమ్మ, గోడ మీది పిల్లి బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, అల్లుడు, పిల్ల బాగున్నారనుకుంటాను. అక్షరాలు వంకరగా ఉంటాయి. ఒక కంటికి కట్టు ఉంది. కట్టు లేనప్పుడూ వంకరే అనుకో.

ముందు నా కోపం సంగతి. ఎన్నేళ్ళ నుంచో కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. గెలిచినా నిన్ను తీసేసిన ఆ పోటీ తర్వాత నువ్వు పరిగెత్తినన్నాళ్ళూ, నీ కూతురు పరుగు మొదలుపెట్టాక కూడా, నన్ను ఒక్కసారి గ్రౌండుకి రమ్మనలేదు. ఒకసారి ఎండ అన్నావు. ఒకసారి కూర్చోవడానికి చోటుండదన్నావు. ఇంకోసారి వాన వస్తుందన్నావు, ఆ రోజు ఆకాశంలో దూదిపింజంత మబ్బు లేదు. ఇప్పుడు ఆదివారం పిల్ల ఎనిమిది వందల మీటర్లు పరిగెడుతోంది కదా అంటే, కంటి ఆపరేషనయింది, దుమ్ము పడుతుంది, రావద్దు నాన్నా అని రాశావు. సాకులకి నీకు ఎప్పుడూ కరువు లేదు తల్లీ.

నువ్వడిగినవాటికి జవాబులు. మోకాలు మెట్లెక్కేటప్పుడు తిడుతుంది, దిగేటప్పుడు ఊరుకుంటుంది. కంట్లో మందు మీ అమ్మే వేస్తోంది, సగం ముక్కులోకి పోతోంది. కట్టు విప్పి మందు వేసినప్పుడల్లా లోకం కొత్తగా కనపడుతోంది. కిటికీలోంచి వచ్చే వెలుతురు పాలలాగా ఉంది. ఎదురింటి తీగ మీద ఆరేసిన దుప్పటి ఇంత తెల్లగా ఉంటుందని ఇన్నాళ్ళూ నాకు తెలియదు. మళ్ళీ కట్టు కట్టేదాకా దాన్నే చూస్తూ కూర్చుంటున్నాను. గాలికి అది లేస్తుంటే ఎవరో పరిగెడుతున్నట్టే ఉంటుంది. మీ అమ్మ అది మనది కాదు, అంతలా చూడకండి, బాగుండదు అంటోంది.

ఆ కంటి ఆసుపత్రిలోనే ఒక సంగతి జరిగింది. అది రాయడానికే కూర్చున్నాను.

బెంచీ మీద నా పక్కన ఒకాయన కూర్చున్నాడు. ఆయనకి ఎడమ కన్ను కట్టారు, నాకు కుడి కన్ను. ఇద్దరికీ కలిపి ఒక మనిషి చూపు. లోపలి నుంచి పిలుపు వచ్చేదాకా ఏదో ఒకటి మాట్లాడుకోవాలి కదా. నేను రోడ్డు రోలరు తోలేవాణ్ణని చెప్పాను. కర్ర పట్టుకున్న ముసలమ్మలు కూడా నన్ను దాటుకుని పోయేవాళ్ళని చెబితే నవ్వాడు. ఆయన పరుగు పందాల్లో మలుపు దగ్గర నిలబడే జడ్జి అట. ఎవరైనా తప్పు చేస్తే పసుపు జెండా ఎత్తడం ఆయన పని. ఏమండీ, ఎత్తినందుకు ఎప్పుడైనా బాధపడ్డారా అని అడిగాను. ఊరికే అడిగాను.

ఒక్కసారి అన్నాడు. ఒక పిల్ల రెండు చుట్ల పరుగులో ముగ్గురి మధ్య ఇరుక్కుపోయిందట. అప్పుడు ఎవరో ఒక ముసలాయన తాడు దాటి లోపలికొచ్చి, చెప్పులు చేతిలో పట్టుకుని, గీతకి లోపల గడ్డిలో ఆ పిల్ల పక్కనే పరిగెత్తాడట. పోటీలో లేనివాళ్ళు పక్కన పరిగెత్తి ఊపు ఇవ్వకూడదని రూలు. మొదటి చుట్టులో ఈల ఊది హెచ్చరించారట. రెండో చుట్టులో మళ్ళీ వచ్చాడట. ఆ పిల్ల ముందుగా వచ్చి గెలిచింది కానీ, జెండా ఎత్తక తప్పలేదన్నాడు.

ఆ చెప్పులు నావి. "అప్పటికి ఆయన ముసలాయన కాదండీ" అన్నాను.

ఆయన తల మొత్తం ఇటు తిప్పి ఆ ఒక్క కంటితో నన్ను చాలాసేపు చూశాడు.

నాకు రోషం వచ్చింది. గడ్డిలో పరిగెడితే మీ గీతకి ఏం పోయింది, దాని కాళ్ళతో అది పరిగెత్తింది, నేనేమైనా మోశానా అని అడిగేశాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. "రెండోగా వచ్చిన పిల్ల నాన్న కూడా అక్కడే ఉన్నాడండీ. తాడుకి ఇవతలే నిలబడ్డాడు" అన్నాడు.

అంతలో లోపలి నుంచి నన్ను పిలిచారు చిట్టీ, గోడ పట్టుకుని లేచి వెళ్ళాను.

ఇంటికొచ్చి మీ అమ్మకి చెప్పాను. చిక్కుడుకాయలు తుంచుతోంది. తుంచడం ఆపకుండా నాకు తెలుసు అంది. నువ్వు ఆ రోజే చెప్పి, నాకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నావట. ఎందుకు చెప్పలేదని అరిచాను. "చెబితే మీరు ఆ జెండా మనిషి మీదికి రోలరు తోలేవారు" అంది. ఆయన పారిపోవడానికి కావలసినంత టైము ఉండేదిలే అని కూడా అంది.

ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో నేనొక్కణ్ణే పిచ్చివాణ్ణన్నమాట.

ఆ రోజు మైకులో నీ నంబరు చదివి తీసేశామన్నారు, ఎందుకో చెప్పలేదు. నిన్నడిగితే తల వంచుకున్నావు. ఆ ఏడాది నీ వేగం ఒక్కసారిగా పెరిగింది కాబట్టి, మాత్రలు మింగి ఉంటుందని వీధంతా అన్నారు. డిపోలో వెల్డరు నా మొహం మీదే అన్నాడు. వాడూ నేనూ ఒకే గిన్నెలో తిన్నవాళ్ళం, ఆ రోజు నుంచి మాటలు లేవు. నీ మూత్రం తీసుకెళ్ళి పరీక్ష చేశారనీ, అందులో ఏమీ తేలలేదనీ కూడా మీ అమ్మ ఇప్పుడే చెప్పింది. ఏమీ తేలకపోతే దాన్ని ఎవరూ మైకులో చదవరు కదా. "మా నాన్న పక్కన పరిగెత్తాడు, అందుకు తీసేశారు" అని ఒక్క ముక్క నువ్వంటే వీధి నోరు మూతపడేది. నువ్వు అనలేదు. ఆ మాత్రల మాట నీ పెళ్ళిచూపుల దాకా వచ్చినా అనలేదు. నాకు నచ్చలేదు ఈ పని. నన్ను అడిగి ఉంటే, నా మీద వేసెయ్యి తల్లీ, నా వీపు రోలరంత ఉంది అనేవాణ్ణి.

ఇక అసలు మాట. ఇది మీ అమ్మకి కూడా చెప్పలేదు.

నేను పుట్టి బుద్ధెరిగాక పరిగెత్తింది ఆ రోజే. అంతా నెమ్మదిగా పోయే బతుకు నాది. పొగ, వేడి తారు, ముందు ఆ పెద్ద చక్రం. ఆ రోజు గడ్డి మెత్తగా, తడిగా ఉంది. ఈల వినపడింది. జనం నీకోసం ఈలలు వేస్తున్నారనుకుని ఇంకా గట్టిగా పరిగెత్తాను. అప్పుడు నువ్వు నావైపు చెయ్యి ఊపావు. నన్ను రమ్మంటున్నావనుకున్నాను. రా నాన్నా, రా అంటున్నావనుకున్నాను. అందుకే రెండో చుట్టులో మళ్ళీ వచ్చాను. ఆఖరున ఒకతను వచ్చి నా రెక్క పట్టుకుని తాడు బయటికి తీసుకెళితే, ఆయాసపడుతున్నానని సాయం చేస్తున్నాడనుకుని అతనికి దండం కూడా పెట్టాను.

ఆ తర్వాత ఎన్ని రోడ్లు తొక్కించానో, రోలరు మీద కూర్చున్నప్పుడల్లా ఆ చెయ్యి కనపడేది. తారు పొగలోంచి నీ చెయ్యి. నిద్రలోనూ అదే. గడ్డి, నువ్వు, ఆ చెయ్యి, నా కాళ్ళు నేల మీద ఆనవు. లేచాక ఆ రోజంతా హాయిగా ఉండేది. ఇప్పుడు తెలిసింది, అది పొమ్మన్న చెయ్యి. తెలిశాక కల మారుతుందనుకున్నాను. మారలేదు. రాత్రి మళ్ళీ వచ్చింది, మళ్ళీ పరిగెత్తాను, మళ్ళీ హాయిగానే ఉంది. నీ బంగారు పతకం పోయిందని తెలిసి కూడా హాయిగా ఉంది. నేను మంచివాణ్ణో కాదో నువ్వే తేల్చుకో.

వెల్డరు ఇంటికి వెళ్ళాను. తప్పు నాది, నా కూతురిది కాదు, విను అని గుమ్మంలోనే నిలబడి చెప్పాను. వాడు నోరు తెరుచుకుని చూశాడు. టీ ఇస్తానన్నాడు. తాగలేదు. ఇంకోసారి తాగుతానేమో.

ఆదివారం సంగతి. నేను తాడుకి ఇవతలే నిలబడతాను. చెప్పులు కాళ్ళకే ఉంటాయి. పిల్ల వెనకబడినా, మధ్యలో ఇరుక్కున్నా, పడినా, తాడు రెండు చేతులా పట్టుకుని నిలబడతాను. ఇంకో పిల్ల నాన్న నిలబడగా లేనిది నేను నిలబడలేనా? కావాలంటే మీ అమ్మ నా చొక్కా పట్టుకుంటుంది.

బుధవారం లోపల నీ జవాబు నా చేతికి అందాలి. ఎండ, దుమ్ము, వాన అని రాయొద్దు. రమ్మంటే రమ్మని రాయి, వద్దంటే వద్దని రాయి. పెద్ద అక్షరాలతో రాయి. చెయ్యి ఊపితే నాకు అర్థం కాదు.

ఇట్లు,
అప్పటికి ముసలివాడు కాని
మీ నాన్న