నడిచొచ్చినవాడు

చిట్టితల్లికి మీ అమ్మ చెప్పి రాయిస్తున్న ఉత్తరం.

ఇది ఫిర్యాదు కాబట్టి ముందు నేనెవరో రాయమన్నాను. ఆసుపత్రిలో నన్ను పెద్దాయమ్మ అంటారు. డెబ్బై రెండేళ్ళు. ముప్పై ఒక్క ఏళ్ళు ఎమర్జెన్సీ గుమ్మంలో నిలబడి, ఎవరు ముందు లోపలికి పోవాలో చెప్పినదాన్ని. ఇంట్లో మొన్నటిదాకా ఇద్దరం, ఇప్పుడు నేనొక్కదాన్నే. రాస్తున్నది కింద వాటాలో టైలరు. నా మాటకు కత్తెర వేశావో ఊరుకోనన్నాను.

నాన్న పోయి పంతొమ్మిది రోజులు. నాకు ఏడుపు రాలేదు. పొద్దున లేచి రెండు గ్లాసులు కడుగుతున్నాను, ఒకటి మళ్ళీ బోర్లిస్తున్నాను. అంతే.

ఆసుపత్రి కంప్యూటర్లకు రూల్సు రాసే ఉద్యోగం నువ్వు మానేస్తున్నావని కౌంటరులో ఉండే నర్సమ్మ చెప్పింది. "నేను రాసిన రూలే నాన్నని చంపింది" అన్నావట. ఆ రూలు ఎవరిదే? రెండేళ్ళ కింద నా ముందు కూర్చుని, "అమ్మా, ఎవరిని ముందు పంపుతావో చెప్పు" అని నువ్వే అడిగావు. కౌంటరులో కంప్యూటరు ఒక భాషదనీ, జనం ఫోన్లలోది ఇంకో భాషదనీ, అంబులెన్సులోది మరోటనీ, అందుకే రూల్సన్నీ విడిగా ఒకేచోట, రూల్స్ ఇంజిన్ అనేదాంట్లో పెడితే మూడూ దాన్నే అడుగుతాయనీ చెప్పావు. "అయితే ముగ్గురు కోడళ్ళు, ఒక అత్త" అన్నాను. పడీ పడీ నవ్వావు. "ఆ అత్తవి నువ్వేనమ్మా" అన్నావు.

అప్పుడు చెప్పాను. మోసుకొచ్చినవాడు ముందు, నడిచొచ్చినవాడు కూర్చోవచ్చు. నువ్వు రాసుకున్నావు.

ఆ రోజు గుండెలో పట్టేసినట్టుందని నాన్న ఫోనులో ఆసుపత్రి యాప్ తెరిచాడు. నడవగలరా అని అడిగింది. "నడవలేకేం, ముసలాణ్ణనుకుందా" అని అవును నొక్కాడు. అంబులెన్సు రాదు, మీరే రండి అంది. వెళ్ళాం. కౌంటరులోనూ అదే ప్రశ్న, అదే జవాబు. పూర్వం ఫోను దగ్గర, బండిలో, కౌంటరులో ముగ్గురు మనుషులు మూడు మాటలనేవాళ్ళు, ఒకరి పొరపాటు ఇంకొకరి దగ్గర దొరికేది. ఇప్పుడు అన్నిచోట్లా ఒకటే నోరు. ఆ నోరు నాది.

నాలుగో కుర్చీలో కూర్చున్నాడు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, తడిగా ఉంది.

టైలరూ, పెన్ను ఆపకు. ఇదే అసలు మాట.

నడిచొచ్చినవాళ్ళని కూర్చోబెట్టేటప్పుడు నేను చెయ్యి పట్టుకునేదాన్ని. అరచెయ్యి చల్లగా చెమట పట్టి ఉంటే, పరిగెత్తుకొచ్చినవాణ్ణయినా లోపలికి తోసేదాన్ని. అది నీకు చెప్పలేదు. అదొక రూలని నాకే తెలియదు. చేతి అలవాటనుకున్నాను.

ఆ రోజు నా చేతికి తెలిసింది. లేవబోయాను. "కూర్చోవే. మనమ్మాయి పెట్టిన వరస మనమే దాటితే ఎలా?" అన్నాడు. కూర్చున్నాను. ఎంతమందిని వరస దాటనివ్వలేదు నేను! నలభై నిమిషాలు అలాగే చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

కాబట్టి ఫిర్యాదు నా మీద. శిక్ష సంగతి నేను చూసుకుంటాను. నువ్వు ఒక్క పని చెయ్యి. ఒకచోట మారిస్తే మూడుచోట్లా మారుతుందన్నావుగా, ఆ ముక్క చేర్చు. ఫోనుకు చేతులున్నాయా అంటావు. పక్కనున్నవాళ్ళని ఆ మనిషి అరచెయ్యి పట్టుకు చూసి చెప్పమని అడగమను. పక్కన ఎవరూ లేరంటే, ఇంకేం అడక్కుండా బండి పంపమను. అది రాశాక ఉంటావో మానేస్తావో నీ ఇష్టం. రాయకుండా మాత్రం నా గుమ్మం తొక్కకు.

ఇట్లు,
మీ అమ్మ వేలిముద్ర. ఆయన చెయ్యి పట్టుకున్న చేతిదే.

సాక్షి: టైలరు. చెప్పింది చెప్పినట్టు రాశాను.

సాక్షి: నర్సమ్మ. ఆ రోజు కౌంటరు నుంచి ఆయన్ని కూర్చోమన్నది నేనే. నేనూ ఆయన చెయ్యి ముట్టుకోలేదు.