నీటిబొట్టు వేషం

కునిహికో బావగారికి,

వానాకాలపు పూల ప్రస్తావనతో ఉత్తరం మొదలుపెట్టడం మర్యాదే గాని, నాకిప్పుడు ఆ ఓపిక లేదు. రేపు మీ వీధికి నీళ్లు రావు. తాతల నాటి గొట్టం మళ్లీ పగిలింది.

పోయిన పురపాలక సభలో నీటి చార్జీ పెంచమని మా ఆఫీసు బతిమాలితే, సభ్యులై ఉండీ మీరు ఓటుకు చెయ్యెత్తలేదు. పైగా, "చార్జీలు పెంచడం చేతకానివాళ్ల పని బావమరిదీ, కొత్తగా ఏదన్నా ఆలోచించవయ్యా!" అన్నారు.

ఆలోచించాం. కొత్త ఆలోచనలకని పైనుంచి నిధులొచ్చాయి. పాత గొట్టం మార్చడం కొత్త ఆలోచన కాదట! అందుకని నీటిబొట్టు బొమ్మ వేషమొకటి, దాన్ని ఊరేగించడానికి నీళ్ల ట్యాంకరొకటి కొన్నాం. వేషం లేకుండా ట్యాంకరు కదిలితే నిధులు వెనక్కి పోతాయి. నీటి ఆఫీసులో వేషం కట్టడానికి మిగిలింది నేనొక్కణ్ణే.

రేపు పొద్దున్నే నీలం నీటిబొట్టునై, ట్యాంకరుతో మీ గుమ్మం ముందు నిలబడతాను. సాచియే అక్క నవ్వితే నవ్వనివ్వండి. పిల్లల ఎదుట బొమ్మ నోరు విప్పకూడదని మీకు తెలుసు కదా, అందుకే చెప్పాల్సింది ఇప్పుడే రాసేస్తున్నాను. రెండు చేతులా బకెట్లు మోసేటప్పుడు గుర్తుంచుకోండి: వచ్చే సభలో నేను ఎత్తమనేది వాటిలో ఒక్క చెయ్యే.

మీ బావమరిది