తిరుమణి గీత

సెప్టెంబర్ 20, శనివారం

ఈరోజు కూడా నాయన టాక్సీ కారు ఎగువ అహోబిలం ఎక్కలేదు. ఘాట్‌లో నాలుగో మలుపు దగ్గర ఆగింది. లోపల నలుగురు యాత్రికులు, పైగా ఏసీ. ఇద్దరిని దింపి, కొంత దూరం నడిపించి, మళ్లీ ఎక్కించుకున్నాడట నాయన. ఇంకొక్కసారి ఇలా జరిగితే వేరే బండి చూసుకుంటామని యాత్రికులను పంపే గెస్ట్‌హౌస్ మేనేజర్ ఫోన్ చేసి మరీ చెప్పాడు. నాయన నాతో ఒక్క ముక్క అనలేదు. అంతా అమ్మ చెప్పింది.

రుద్రవరం వెంకటేష్ ఈ కారు కొంటానని ఎప్పటినుంచో వెంటపడుతున్నాడు. దసరా వెళ్లాక ఇచ్చేస్తానని నాయన మాటిచ్చాడు. ఆ తర్వాత ఊరికే కూర్చుంటాడట. ఈ మనిషి పది నిమిషాలు ఊరికే కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకూ ఆ రోగమే వచ్చింది.

సెప్టెంబర్ 21, ఆదివారం, ఉదయం 5

బీటెక్ మెకానికల్ చదివి నంద్యాలలో ట్రాక్టర్ల షోరూమ్‌లో రిపేరుకొచ్చిన బండ్లకు జాబ్ కార్డులు రాస్తున్నాను. రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సు. శిరివెళ్లలో డ్రైవర్ బండి ఆపి టీ తాగుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. చదివింది ఒక్కసారైనా పనికి రావాలి.

ఆలోచన ఇది. ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో కొత్తది కొనలేం. కానీ ఇదే ఇంజన్ ఉన్న పెద్ద మోడల్ టర్బోలో గాలి పీల్చే చక్రం పెద్దది. పొగ వైపు పాతదే ఉంచి, గాలి వైపు చక్రం, దాని మీది మూత స్క్రాప్‌లోవి తెచ్చి మారిస్తే చాలు. ఇంజన్‌కు గాలి అందుతుంది. కొండ ఎక్కుతుంది.

పది రోజులు కారు ఇమ్మన్నాను. పండగ గిరాకీ పోతుందని అమ్మ మొత్తుకుంది. నాయన తాళాలు నా టిఫిన్ బాక్స్ పక్కన పెట్టి బయటికి వెళ్లిపోయాడు. ఒప్పుకున్నట్టే.

సెప్టెంబర్ 24, నంద్యాల

మెకానిక్ మద్దిలేటన్న షెడ్డులో పాత సామాన్ల కుప్ప మధ్యాహ్నం దాకా కెలికాను. చక్రం దొరికింది, మూత దొరికింది. మా టర్బో ఇరుసుకు చక్రం అతికినట్టు సరిపోయింది. ఇక బిగించేద్దాం, బ్యాలెన్సింగ్ అంతా కంపెనీవాళ్ల భాగోతం అన్నాడు అన్న. నేను వినలేదు. నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే చక్రం. వెంట్రుకంత బరువు తేడా ఉన్నా ముక్కలవుతుంది, ఆ ముక్కలు ఇంజన్‌లోకి పోతాయి. అప్పుడు వెంకటేష్ కూడా కొనడు.

ఇరుసు, చక్రం బ్యాలెన్సింగ్‌కు కర్నూలు పంపాను. అన్నిట్లో చౌక చూసుకున్నాను, ఇక్కడ చూసుకోలేదు.

సెప్టెంబర్ 27

ఇంకా రాలేదు. గోళ్లు అయిపోయాయి, ఇక మిగిలింది వేళ్లే.

సెప్టెంబర్ 30

వచ్చింది. ఇరుసు కొస మీద, చక్రం మీద కలిసేటట్టు తెల్ల మార్కర్‌తో ఒక గీత గీసి పంపారు. టర్బోలో కూర్చోబెట్టాలంటే చక్రం ఒకసారి ఊడదీయక తప్పదు. మళ్లీ పెట్టేటప్పుడు గీతకు గీత కలవాలి. కలవకపోతే బ్యాలెన్సింగ్ చేయించనట్టే. ఊడదీసి పెట్టుకున్నాను.

అక్టోబర్ 1, ఆయుధ పూజ

స్పానర్లు, జాక్, టర్బో ముక్కలు అన్నీ పళ్లెంలో పెట్టి అమ్మకిచ్చి షోరూమ్ పూజకు పరిగెత్తాను.

అక్టోబర్ 2

సాయంత్రానికి బిగించేశాను. అమ్మ ముక్కలన్నీ తళతళలాడేటట్టు చేసి పెట్టింది. పని సులువైంది. గీతకు గీత కలిపాను. చక్రం నట్టు ఎడమ మర, మామూలుకు తిరగేసి బిగించాలి. అది మరిచిపోనందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. మద్దిలేటన్న వచ్చి కారుకు ఎక్కించి, డీజిల్ కాస్త పెంచి వెళ్లాడు.

అక్టోబర్ 3

ఎక్కింది! నలుగురు, ఏసీ, మూడో గేరు. నాయన ఇంటికొచ్చి రెండోసారి కూడా అన్నం పెట్టించుకున్నాడు. వెంకటేష్‌కు ఫోన్ చేసి కారు ఇవ్వనని చెప్పేశాడు.

అక్టోబర్ 4

ఈరోజు నేనూ పక్కన కూర్చుని వెళ్లాను. ఘాట్ మొదలవగానే సన్నగా ఒక కూత. గేరు మారిస్తే ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. వెనక సీటులో పెద్దావిడ చెవి మూసుకుంది. ఇదేం శబ్దమని నాయనను అడిగాను.

"నాకేం వినపడల్యా," అన్నాడు.

వయసు. సన్న శబ్దాలే ముందు పోతాయంటారు. నాకు మాత్రం ఇంటికొచ్చినా చెవిలో అదే కూత.

అక్టోబర్ 5, ఆదివారం, ఉదయం 7

విప్పి చూద్దామని స్పానర్ తీశాను. దాని మీద తెల్ల గీత. జాక్ మీద గీత. సుత్తి మీద కూడా. 

మా ఇంట్లో ఆయుధ పూజకు కుంకుమ బొట్టు కాదు, నామం పెడతారు. చిన్న వస్తువు మీద మూడు గీతలు పట్టవు కాబట్టి తిరుమణి సుద్దతో ఒక్క తెల్ల గీత. ఇరవై ఏడేళ్లుగా చూస్తున్నదే. అమ్మను అడిగాను.

"ఏందో గీతలుంటే చింతపండు పెట్టి తోమినా. దేవుని ముందర మురికి పెడ్తారా యాడన్నా?"

దేవుడి గీతను కర్నూలు గీత అనుకుని చక్రం తప్పుగా కూర్చోబెట్టాను, కూత అందుకే. సిగ్గుతో చచ్చాను.

అదే రోజు, 8

చెబితే కారు మళ్లీ వారం మూల పడుతుంది. ఇటు వెంకటేష్‌ను కాదన్నాడు, అటు మేనేజర్ ఊరుకోడు. చెప్పకపోతే ఘాట్ మధ్యలో, నలుగురు లోపలుండగా చక్రం ముక్కలవుతుంది. అరగంట వంటింట్లోకీ వాకిట్లోకీ తిరిగాను.

చెప్పాను. తప్పు నాదేనన్నాను, అమ్మ మాట ఎత్తలేదు. నాయన వేసుకుంటున్న చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. గెస్ట్‌హౌస్‌కు ఫోన్ చేసి బండి రాదన్నాడు. అవతల ఏమన్నారో తెలియదు. ఫోన్ చాలాసేపు చెవి దగ్గరే ఉంచుకున్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది.

అక్టోబర్ 8

మళ్లీ కర్నూలు. ఈసారి పచ్చ రంగు వాడమన్నాను. తెలుపు, ఎరుపు మా ఇంట్లో చెల్లవు.

అక్టోబర్ 12, ఆదివారం

నేనూ నాయనా, ఖాళీ సీట్లతో, పైదాకా వెళ్లొచ్చాం. గెస్ట్‌హౌస్ నుంచి ఇంకా ఫోన్ లేదు.

ఎక్కేటప్పుడు కిటికీ అద్దం దించి కాసేపు విన్నాడు.

"ఆ కూత నిలిచిపాయ కదమ్మా," అన్నాడు.

ఏ కూత అని నేను అడగలేదు. నాకు ఏడుపొచ్చింది.