కొలంబో చేరిన ఉతుకుడు బండ

కొలంబో,
12-6-1954

వదినకు నమస్కారాలు. ఇక్కడ నేను కులాసా.

పెరట్లో బట్టలుతికే బండ పోయిందని నువ్వు పక్కింటివాళ్ళను అనుమానిస్తున్నావని అన్న రాశాడు. వాళ్ళనేమీ అనవద్దు. వేంపల్లెలో మన పెరట్లో పేర్చిన కంపెనీ నాపరాళ్ళతో పాటు కూలీలు దాన్నీ లారీకెక్కించారు. ఇక్కడ బ్రాంచి తెరిచిన రోజు మేస్త్రి పుల్లయ్య రాళ్ళకు చుట్టిన గడ్డి విప్పి చూసి, "ఇది అమ్మ గుడ్డలుతికే బండ కదప్పా, ఈడికెట్లా వచ్చినాది?" అని నెత్తిన చేయి పెట్టుకున్నాడు. అంతలో వచ్చిన మొదటి గిరాకీ తక్కినవన్నీ వదిలేసి దాన్నే నిమిరాడు. ఇల్లంతా అంత నున్నటి బండలే కావాలట. ఏ మిషను మీద తీశారని అడిగాడు. మా వదిన కాపురానికి వచ్చినప్పటి నుంచి ఉతికి ఉతికి తెచ్చిన నునుపని చెప్పాను. నవ్వి, మామూలువే మూడు గదులకు తీసుకున్నాడు. అదే మన బోణీ.

నీకు కొత్త బండ వేయించమని అన్నకు రాశాను. పాపకు దగ్గు తగ్గిందా? ఎవరైనా ఇటు వస్తుంటే చెనిక్కాయల పొడి పంపు.

పాత బండను గుమ్మం ముందు మెట్టుగా వేద్దామని పుల్లయ్య అన్నాడు, నేను ఒప్పుకోలేదు. చిన్నప్పుడు నువ్వు నాకు తలంటింది దాని మీదే. అన్నకు నమస్కారాలు, పాపకు ముద్దులు. ఈ కార్డు దాని మీద కూర్చునే రాస్తున్నాను.

నీ మరిది,
నారాయణ