మీ మరిది కాలికి వేసిన సూదిమందు

మహమ్మద్ బిన్ జాయెద్ సిటీ,
అబుదాబి

అక్కకి,

నీ చెల్లెలు నమస్కరించి రాసేది. నువ్వూ, అమ్మా, బావగారూ కులాసాగా ఉన్నారనుకుంటాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ ఎండ కాస్త తగ్గింది. మేం బాగానే ఉన్నాం, కంగారుపడకు.

ఫోనులో సగమే విని "కాలికి విషం ఎక్కించారా!" అని ఏడ్చావు. అందుకే కుదురుగా రాస్తున్నాను. పక్షవాతం వచ్చాక మీ మరిది ఎడమ పాదం లోపలికి తిరిగి బిగుసుకుపోయింది కదా. మడమ నేలకి ఆనదు. వాళ్ళ కంపెనీ మేనేజరు, ఇక్కడ ముదీర్ అంటారు, సామాన్ల స్టోరులో కూర్చునే పని ఇస్తానన్నాడు. కానీ సేఫ్టీ బూట్లు లేందే గేటు దాటనివ్వరు. నెలాఖరులోగా ఆ కాలికి బూటు ఎక్కకపోతే వీసా రద్దు, ఇంటికి రావడమే.

డాక్టరమ్మ పిక్కలో బొటాక్స్ సూదులు వేసింది. అసలు విషమేనట, కొలతగా వేస్తే బిగిసిన కండ వదులవుతుందట. "ముఖం ముడతలకి వేసేదా? ఇక నా పిక్కకి సినిమా వేషాలొస్తాయి" అన్నారీయన.

అయ్యాక నర్సు "ఖలాస్ బాబా" అంది. ఇవాళ్టికి అయిందని ఆవిడ ఉద్దేశం. ఈయన వైద్యమే అయిపోయిందనుకున్నారు. కాలికి కట్టిన పట్టీ విప్పేశారు. పాదం సాగదీద్దాం రండని నేనంటే, "ఖలాస్ అంది కదే, నువ్వేమన్నా డాక్టరువా?" అన్నారు. నాలుగైదు రోజులైనా మార్పు లేదు. "నా కాలే ఖలాస్" అని అన్నం మానేశారు.

ఆసుపత్రికి ఫోను చేసి స్పీకరు పెట్టాను. మందు పనిచేయడానికి ఒకటి రెండు వారాలు పడుతుందనీ, అది కండని వదులు చేస్తుందే తప్ప సాగదీయాల్సింది మనమేననీ ఫిజియో అమ్మాయి హిందీలో చెప్పింది. ఇక పొద్దునా సాయంత్రం నేను పాదం పైకి నొక్కడం, ఆయన అరవడం. "మెల్లగా నొక్కవే! అది కాలు, చపాతీ పిండి కాదు!"

మొన్న మడమ నేలకి ఆనింది. బూటు ఎక్కింది, లేసులు నేనే కట్టాను. నడక ఇంకా కుంటుతూనే. మందు బలం మూడు నెలలుంటుందట, తర్వాత చూసి మళ్ళీ వేస్తారు. ఆ సంగతి ఆయనకీ చెప్పాను.

నిన్న స్టోరు నుంచి ఫోను చేశారు. "లోపలికొచ్చానే. ఇక్కడంతా దుమ్ము, ఒక్కడూ తుడిచి చావలేదు." ఆ విసుగు విని ఎన్నాళ్ళయిందో అక్కా.

ఎవరైనా వస్తుంటే ఎండు చింతచిగురు పంపు. అమ్మ పాదాలకి మా ఇద్దరి దణ్ణాలు, బావగారికి నమస్కారాలు. మీ దీవెనలు మా మీద ఉండాలి. మాకోసం ఖాళీ చేయించిన వెనక గది మళ్ళీ అద్దెకిచ్చేయమని బావగారితో చెప్పు.

నీ చెల్లెలు
వరలక్ష్మి