నేను కోయనివ్వని జీడిచెట్టు

అమ్మా సరోజా,

నీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను. మొన్నటి తుఫానుకి మన జీడితోట పడలేదమ్మా. పలాస దాకా ఏ తోట చూసినా చెట్లు వేళ్ళతో లేచిపోయాయి. ఇదీ పోతే ఇంకేం తిని బతకాలని తెల్లారగానే పరుగెత్తాను. ఒక్కటి తప్ప చెట్లన్నీ నిలబడే ఉన్నాయి. నమ్మలేక ఒక్కొక్కదాన్నీ చేత్తో తట్టి చూశాను.

కిందటి తుఫాను తర్వాత మిగిలిన చెట్ల తలలు నువ్వు కోసేస్తుంటే, "కాపుకొచ్చిన సెట్టుని మొండెం సేత్తావేటే?" అని అరిచాను. "ఇప్పుడు గాలి ఏటా వొత్తంది నాన్నా. పొట్టిగుంటేనే నిలబడతాది" అన్నావు. నెల్లాళ్ళు నీతో మాట్లాడలేదు. మీ అమ్మ నాటిన చెట్టుకి మాత్రం అడ్డంగా కూర్చున్నాను. నువ్వు నవ్వి దాన్ని వదిలేశావు.

తోట మొత్తంలో అదొక్కటే పడింది.

పక్కతోట రాములొచ్చి, "ఈ కోత నీకెవుడు సెప్పాడు మావా?" అన్నాడు. "ఎవుడేటి, మా అమ్మి. నేనొద్దన్నా ఇన్నేదు" అని వీధంతా వినేట్టు చెప్పాను. రేపు వాడి తోటలో మిగిలిన చెట్ల తలలు కోయడానికి వెళ్తున్నాను.

నువ్వు కన్నుమూశాక చూరులో దోపిన రంపం ఇవాళ తీశాను. పిడికి నువ్వు చుట్టిన గుడ్డ అలాగే ఉంది. దాన్ని విప్పకుండానే పదును పెట్టాను.

మీ నాన్న